బందరు దారి పట్టిన బేగం

ఏ.ఎస్. రావు నగర్‌లో కాపురమున్న వాళ్ళకు మౌలాలి పక్క వీధి కింద లెక్క. ఈసీఐఎల్‌ను నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు గారి పేరు పెట్టుకున్న కొత్త కాలనీ మాది. మౌలాలి గుట్టది శతాబ్దాల లెక్క. ఆ గుట్ట కింద మహలఖా బాయి చందా సమాధి ఉంది. తల్లి రాజ్ కున్వర్ కోసం 1792లో ఆవిడే కట్టించింది. 1824లో తాను పోయాక తల్లి పక్కనే ఆవిడనూ పడుకోబెట్టారు. ఉర్దూ గజళ్ళు రాసింది, నిజాం దర్బారులో ఆడింది, పాడింది, జాగీర్లు సంపాదించింది. పెళ్ళి మాత్రం చేసుకోలేదు.

అదే కాలంలో, అదే నగరంలో, ఆవిడకంటే ఎన్నో మెట్లు పైనున్న ఇంట్లో పుట్టిన మరో స్త్రీ ఉంది. సయ్యదుల వంశం. ఘోషా దాటి ఎరగని పిల్ల. పేరు ఖైరున్నిసా. పేరున్న ఇల్లు, జాగీర్లు, నగలు, శాస్త్రోక్తంగా నిఖా చేసుకున్న భర్త, ఇద్దరు బిడ్డలు అన్నీ ఇరవయ్యేళ్ళు రాకముందే ఆమెకు అమిరాయి. ఇరవయ్యేళ్ళు రాకముందే అందులో చాలామటుకు పోయాయి కూడా. ఇరవయ్యేడేళ్ళకు ప్రాణం పోయింది. ఈ గాథ ఆమెది.

దీన్ని 1798 నుంచి ఎత్తుకోవాలి. ఆ ఏడు మార్చిలో నిజాం దగ్గరున్న ఫ్రెంచి సేనాని రేమండ్ చనిపోయాడు. మన జనం నోట మూసారాంగా మిగిలింది ఆయనే. మూసారాంబాగ్ ఆయన పేరు మీదే ఉంది. సెప్టెంబరులో నిజాం అలీ ఖాన్ ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం మీద సంతకం పెట్టాడు. కంపెనీ ఆరు వేల మంది సిపాయిలను ఇస్తుంది, అందుకు నిజాం ఏటా 24,17,100 రూపాయలు చెల్లిస్తాడు. అక్టోబరు 22న రేమండ్ పెంచిన ఫ్రెంచి దండును, సుమారు పద్నాలుగు వేల మందిని, పెద్దగా రక్తం చిందకుండానే నిరాయుధం చేశారు. ఆ కంపెనీ సిపాయిలు హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన దిగిన దండు బజారే తర్వాత కొత్త నిజాం సికిందర్ జా పేరుతో 1806లో సికింద్రాబాదయింది. మనం ఇవాళ జంటనగరాలంటున్న దాంట్లో ఒక సగం ఆ ఒప్పందపు కాన్పులో పుట్టిందే.

ఆ ఒప్పందం నడిపినవాడు, ఫ్రెంచి దండును దించినవాడు కంపెనీ రెసిడెంట్ జేమ్స్ అచిలీస్ కిర్క్‌పాట్రిక్. 1764లో మద్రాసులో పుట్టాడు. ఫార్సీ, హిందుస్తానీ ధారాళంగా మాట్లాడేవాడు. ఇంట్లో మొగలాయి దుస్తులే వేసేవాడు, హుక్కా తాగేవాడు. నిజాం ఆయనకు హష్మత్ జంగ్ అని బిరుదిచ్చాడు. అన్న విలియం తర్వాత ఆ కుర్చీలోకి వచ్చినవాడు.

ఆ 1798 డిసెంబరులో బాకర్ అలీ ఖాన్ ఇంట పెళ్ళి జరిగింది. బాకర్ అలీ నిజాం తరఫున కంపెనీ దండుకు జీతాలు చూసే బక్షీ. అందువల్ల రెసిడెంటుకు ఆ ఇంటి పిలుపు వచ్చింది. పెళ్ళికూతురు బాకర్ అలీ మనవరాలు నజీరున్నిసా. ఆమె చెల్లెలు ఖైరున్నిసా తెర వెనక నుంచి దొరను చూసింది. తండ్రి మెహదీ యార్ ఖాన్ లేడు. తల్లి షరఫున్నిసా, అమ్మమ్మ దుర్దానా బేగం పెంచిన పిల్ల. అప్పటికే ఆమెకు ఒక ఉమ్రావు కొడుకుతో సంబంధం ఖాయం చేసి ఉంచారు. ఆమెకు ఆ సంబంధం ఇష్టం లేదు.

తర్వాత ఏం జరిగిందనేది కిర్క్‌పాట్రిక్ తన అన్నకు రాసిన ఉత్తరాల వల్ల తెలుస్తుంది. తాను వెంటపడలేదనీ, పిల్లే మనసుపడిందనీ, తనను కాదంటే విషం తాగి చస్తానందనీ, తల్లీ అమ్మమ్మా కూడా ఆమె వైపే నిలబడ్డారనీ రాసుకున్నాడు. ఆ మాట నిజమే కావచ్చు, కాకపోవచ్చు. ఉద్యోగం పోయే ముప్పులో ఉన్న మగవాడు అన్న ముందు చెప్పుకున్న సంజాయిషీ అది. ఒక సంగతి మాత్రం మరుగున పెట్టడానికి వీల్లేదు: ఆయనకు ముప్పయ్యయిదు దాటాయి, ఆమెకు పద్నాలుగు. ఆ రోజుల్లో అది ఎవరికీ తప్పుగా తోచలేదు. అప్పుడు రగడైంది వయసు గురించి కాదు, మతం గురించీ ప్రభుత్వం గురించీ. సయ్యద్ ఇంటి ఆడపిల్ల, పైగా దర్బారు పెద్దల చుట్టం, ఫిరంగీ దొరకు గర్భవతి అయింది.

ఆ పెద్దల్లో ఒకడే ఈ కథలో యముడు. మీర్ ఆలం. పాతబస్తీ అవతల మీరాలం చెరువు ఆయన పేరు మీదిదే. బాకర్ అలీకి దగ్గరి బంధువు, కంపెనీతో మాటలు నడిపే రాయబారి, ఎదుగుతున్న మనిషి. ఈ గోల బయటపడ్డ రోజుల్లోనే దివాన్ అరస్తూ జా ఆయనను పదవి నుంచి తోసేశాడు, నిర్బంధంలో పెట్టాడు. ఒంటికి కుష్ఠు సోకింది. కిర్క్‌పాట్రిక్ తనకు అడ్డం పడలేదని, పైగా తన పతనంలో లాభపడ్డాడని మీర్ ఆలం మనసులో గట్టిగా ముద్ర పడింది. తన వంశపు పిల్లను తీసుకుపోయాడన్న కసి దానికి తోడు. ఆయన దేన్నీ మరిచే రకం కాదు.

1800 చివర్లో నిఖా రహస్యంగా జరిగింది. అందుకోసం కిర్క్‌పాట్రిక్ ఇస్లాం స్వీకరించాడు. ఆ అక్టోబరు 12న నిజాంతో మరో ఒప్పందం కుదిరింది. బళ్ళారి, కడప, అనంతపురం ప్రాంతాలు కంపెనీ చేతికి పోయాయి. మనం దత్తమండలాలని చెప్పుకునేవి అవే. ఈ రెండు పనులకూ ముడి ఉందని, ఆ పెళ్ళిని అరస్తూ జా రాజకీయపు ఎర కింద వాడుకున్నాడని అనుమానపడ్డవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. రాయలసీమ చరిత్రలో ఖైరున్నిసా పేరు ఎక్కడా రాదు. కానీ ఆ సంతకం పెట్టించిన చేతికి గోరింటాకు ఆరకముందే నిఖా జరిగిందని గుర్తుంచుకుంటే, ఆ కాలం ఎంత ఇరుకైనదో బోధపడుతుంది.

1801 మార్చి 4న పాతబస్తీలో కొడుకు పుట్టాడు. మీర్ గులాం అలీ, ముద్దుపేరు సాహిబ్ ఆలం. అదే ఏడు కలకత్తా నుంచి గవర్నర్ జనరల్ వెల్లస్లీ ఈ వ్యవహారం మీద విచారణ జరిపించాడు. కిర్క్‌పాట్రిక్ నెగ్గుకొచ్చాడు. తర్వాత భార్యాబిడ్డలను రెసిడెన్సీకి తెచ్చుకున్నాడు. 1802 ఏప్రిల్ 9న కూతురు పుట్టింది. నూరున్నిసా, ముద్దుపేరు సాహిబ్ బేగం.

మూసీ ఉత్తరపు ఒడ్డున కోఠీలో మనకు కనిపించే ఆ తెల్లని రెసిడెన్సీ భవనం ఆ రోజుల్లో మొదలైందే. మద్రాసు ఇంజినీర్లలో లెఫ్టినెంటు శామ్యూల్ రసెల్ 1803 నుంచి కట్టించాడు. ఖర్చు నిజాందే. స్థలం కోసం కిర్క్‌పాట్రిక్ పెద్ద కాగితం మీద పటం గీయించి చూపిస్తే ముసలి నిజాం కాదన్నాడట. తన రాజ్యపు పటాలు కూడా అంత పెద్దవి కావు, ఇంత భూమి ఎలా ఇస్తానని. అదే పటాన్ని చిన్న అట్టముక్క మీదికి దించి మళ్ళీ చూపిస్తే సంతోషంగా ఒప్పుకున్నాడట. కంపెనీ అధికారి జాన్ మాల్కం చెప్పిన కబురిది. అబద్ధమైనా అందంగా ఉంది. ముందు కోరింథియన్ స్తంభాలు, మెట్లకు రెండు వైపులా సింహాలు, ముఖభాగం మీద కంపెనీ చిహ్నం. అది దొరతనం చూపించుకునే ముఖం. వెనక బేగం కోసం వేరే జనానా, రంగ్ మహల్, ఫౌంటెన్లు, తోట.

జనానా తోటలో రెసిడెన్సీ భవనం తాలూకు చిన్న నమూనా ఒకటి కట్టించాడు. ఘోషాలో ఉన్న భార్య ముందు వైపుకు రాలేదు, తన భర్త కట్టించిన మేడ ముఖం ఎలా ఉంటుందో చూడలేదు. అందుకని అదే మేడను బొమ్మలా చేయించి ఆమె వాకిట్లో పెట్టించాడని చెబుతారు. కోఠీ వెళ్ళినవాళ్ళంతా ఆ బొమ్మ ముందు నిలబడి నిట్టూరుస్తారు. తాజ్ మహల్‌తో పోలుస్తారు. నాకు మాత్రం ఆ బొమ్మ ముందు ప్రేమ ఒక్కటే కనపడదు. ఆ ఇంటి ఇల్లాలు ఆ ఇంటి ముఖం చూడాలంటే బొమ్మే దిక్కు.

1803లో నిజాం అలీ పోయాడు. 1804లో అరస్తూ జా పోయాడు. కిర్క్‌పాట్రిక్‌కు కొండంత అండ పోయింది. కంపెనీ మద్దతుతో దివాన్ కుర్చీలోకి మీర్ ఆలం మళ్ళీ వచ్చాడు. ఏ మనిషిని నగరం మరిచిపోయిందో ఆ మనిషే, రోగంతో, కసితో, సర్వాధికారాలతో తిరిగి వచ్చాడు. ఆ క్షణానే ఖైరున్నిసా రాత మారింది. ఆ సంగతి ఆమెకు తెలియదు, భర్తకు తెలిసినా పట్టించుకోలేదు.

1805లో బిడ్డలను ఇంగ్లండు పంపాలని నిర్ణయమైంది. మిశ్రమ రక్తం పిల్లలకు కంపెనీ కొలువుల్లో తలుపులు మూసుకుంటున్న రోజులు. వాళ్ళను ఆంగ్లేయులుగా పెంచితే తప్ప భవిష్యత్తు లేదని తండ్రి తలిచాడు. కొడుక్కు నాలుగేళ్ళు, కూతురికి మూడు. మద్రాసులో జార్జ్ చిన్నరీ అనే చిత్రకారుడు ఆ ఇద్దరినీ హైదరాబాదీ దుస్తుల్లో నిలబెట్టి నిలువెత్తు బొమ్మ గీశాడు. అన్న ధైర్యంగా ముందుకు చూస్తుంటాడు, చెల్లెలు బెంగగా కళ్ళు దించుకుంటుంది. ఆ తర్వాత లార్డ్ హాక్స్‌బరీ అనే ఓడ ఎక్కించారు. లండన్‌లో బాప్తిస్మం ఇచ్చి పేర్లు మార్చారు. సాహిబ్ ఆలం విలియం జార్జ్ అయ్యాడు, సాహిబ్ బేగం కేథరిన్ అరోరా అయింది, ఇంట్లో కిట్టీ. తల్లి వాళ్ళను మళ్ళీ చూడలేదు. మన పెద్దవాళ్ళు కడుపుకోత అనేది ఇదే.

బిడ్డలను ఓడెక్కించడానికి మద్రాసు వెళ్ళిన కిర్క్‌పాట్రిక్ అప్పటికే జబ్బుమనిషి. అక్కడి నుంచి హైదరాబాదు తిరిగి రాకుండా కలకత్తా బయల్దేరాడు. వెల్లస్లీ పోయి కారన్‌వాలిస్ మళ్ళీ గవర్నర్ జనరల్‌గా వచ్చాడు. ఆయనతో హైదరాబాదు సంగతులు మాట్లాడాలి. కారన్‌వాలిస్ అక్టోబరు 5న ఘాజీపూర్‌లో చచ్చిపోయాడు. పది రోజులకు, 1805 అక్టోబరు 15న, కలకత్తాలో కిర్క్‌పాట్రిక్ కూడా పోయాడు. ఒక్క శరత్తులో బిడ్డలూ పోయారు, పెనిమిటీ పోయాడు. ఆమెకు పంతొమ్మిది.

ఇక్కడ ఆయన వీలునామా చూడాలి. ఖైరున్నిసా పేరు అందులో గౌరవంగానే ఉంది. ఆమెను ఎంత ప్రేమించాడో కూడా రాశాడు. కానీ బిడ్డలను పెళ్ళి కాకుండా పుట్టిన సంతానానికి ఇంగ్లీషు చట్టం వాడే మాటతోనే పేర్కొన్నాడు. నిఖా ఊసు లేదు. ఆమెకు వంశపారంపర్యంగా జాగీర్లున్నాయి, నగలున్నాయి కాబట్టి ప్రత్యేకంగా ఏర్పాటు అక్కర్లేదనుకున్నాడు. ప్రేమకు గుర్తుగా పది వేల హైదరాబాదీ రూపాయలు ఇవ్వమన్నాడు.

ఆయన మీద నాకు కోపం వచ్చేది ఇక్కడే. ఎనిమిదేళ్ళు ఆ దర్బారులో కూర్చున్న మనిషికి జాగీరు అంటే ఏమిటో తెలియదా? అది పట్టా భూమి కాదు. దివాన్ కనుసన్నల్లో ఉండే శిస్తు హక్కు. ఇచ్చిన చెయ్యే ఎప్పుడైనా తీసుకుంటుంది. ఆ చెయ్యి మీర్ ఆలందని కూడా తెలుసు. తెలిసి భార్యను ఆ జాగీరు మీద వదిలేయడం గాలిలో దీపం పెట్టడమే. మత మార్పిడి దాకా తెగించినవాడు ఒక కాగితం మీద ఆమెను భార్య అని రాయడానికి తెగించలేదు.

ఐరోపా చరిత్ర చదివినవాళ్ళకు అక్విటేన్ ఎలినార్ గుర్తుంటుంది. 1137లో ఫ్రాన్సు రాజు ఏడో లూయీని కట్టుకుంది. 1152లో ఆ పెళ్ళి రద్దయింది. ఆ వెంటనే, కొద్ది వారాల్లోనే, ఇంగ్లండుకు రాబోయే రాజు రెండో హెన్రీని కట్టుకుంది. ఆయన ఆమెను పదిహేనేళ్ళకు పైగా నిర్బంధంలో పెట్టాడు. అయినా 1189లో ఆయన పోగానే ఆమె బయటికి వచ్చి కొడుకు రాజ్యం చక్కబెట్టింది. అక్విటేన్ ఆమె పుట్టింటి సొత్తు. మొగుడు మారినా భూమి ఆమె వెంటే వచ్చింది. ఖైరున్నిసా వెంట ఏదీ రాలేదు. హైదరాబాదు ఆడవాళ్ళందరిదీ ఆ గతే అనలేం. మౌలాలిలో పడుకున్న మహలఖా బాయి జాగీర్లూ దర్బారు ఇచ్చినవే. కానీ ఆవిడ వాటిని ఒక మగవాడి భార్యగా కాక తన పేరుతో సంపాదించింది, దివాన్ మారినప్పుడల్లా తన చోటు తానే చూసుకుంది. మీర్ ఆలం మజ్లిస్‌లో కూడా ఆవిడ మాట చెల్లేది. వంశగౌరవం గల పిల్లకు ఆ వెసులుబాటు లేదు. ఘోషాలో ఉన్నదాని తరఫున మాట్లాడటానికి తండ్రో, తాతో, మొగుడో కావాలి.

1806లో తల్లిని వెంటబెట్టుకుని ఖైరున్నిసా కలకత్తా వెళ్ళింది. భర్త సమాధి చూడాలని. హైదరాబాదు నుంచి కలకత్తాకు ఆ రోజుల్లో ప్రయాణమంటే మాటలు కాదు. పాతస్నేహితురాలు ఫైజ్ బేగం అక్కడ ఉంది. ఫైజ్ కూడా ఆంగ్లేయుడి భార్యే. జనరల్ విలియం పామర్ ఆమెను చివరి వరకూ వదల్లేదు. ఒకే తరహా పెళ్ళి, ఒక స్నేహితురాలికి గూడు, మరొకరికి వీధి.

వాళ్ళతో ఉన్నవాడు హెన్రీ రసెల్. రెసిడెన్సీలో కిర్క్‌పాట్రిక్ కింద పనిచేసిన కుర్రవాడు, ఆయనకు నమ్మకస్తుడు. అప్పటికి ఇరవయ్యో పడి మొదట్లో ఉన్నాడు. కొన్నాళ్ళు గడిచేసరికి రసెల్‌కూ ఖైరున్నిసాకూ మధ్య సంబంధం ఏర్పడింది. ఇది ప్రేమా, ఆసరా కోసం పట్టుకున్న చెయ్యా అని తీర్పు చెప్పే హక్కు మనకు లేదు. ఆమె గురించి మనకు తెలిసినదంతా ఇతరులు రాసిందే. రసెల్ తన తమ్ముడు చార్లెస్‌కు రాసిన ఉత్తరాలే ఇక్కడ ప్రధాన సాక్ష్యం. వాటిలో ఆమె గురించి ఉంది గాని ఆమె గొంతు లేదు. ఒకటి మాత్రం తెలుసు: ఈసారి నిఖా జరగలేదు.

కబురు హైదరాబాదు చేరింది. మీర్ ఆలంకు ఇంతకన్నా కావలసింది ఏముంది? వంశం పరువు రెండోసారి తీసిందన్నాడు. ఆమె నగరంలో అడుగు పెట్టకూడదని శాసించాడు. కొత్త రెసిడెంట్ థామస్ సిడెన్‌హామ్ దివాన్‌తో తగవు తెచ్చుకోదలచలేదు. నగరంలో ఆమెకు పుట్టిల్లూ ఉంది, అత్తిల్లు లాంటి రెసిడెన్సీ ఉంది. రెండు గుమ్మాలూ మూసుకున్నాయి. అప్పుడు చూపించిన దారి బందరుది.

బందరు అంటే మచిలీపట్నం. ఒకప్పుడు గోల్కొండ సుల్తానుల ఓడరేవు. కలంకారీ బట్టలు పర్షియా దాకా వెళ్ళిన రేవు. డచ్చివాళ్ళు, ఫ్రెంచివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు కోటల కోసం కొట్టుకున్న ఊరు. 1759లో కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివారి నుంచి గెలుచుకున్నప్పటి నుంచీ అది కంపెనీదే. ఉత్తర సర్కారులు కంపెనీకి పోవడంతో నిజాం మాట అక్కడ చెల్లదు. అదే దాని సుగుణం. మీర్ ఆలం చెయ్యి అందని చోటు. మిగతా అంతా అవగుణాలే. అప్పటికే వ్యాపారం మద్రాసుకు తరలిపోయింది. కోట చుట్టూ చవుడు నేల, బురద, ఉప్పుగాలి. ఎవరూ కావాలని వచ్చి ఉండని రేవు అయిపోయింది. అక్కడ ఖైరున్నిసా, షరఫున్నిసా, తల్లీకూతుళ్ళిద్దరూ వితంతువులు, 1807 నుంచి కాలం వెళ్ళబుచ్చారు. ఆమె మాతృభాష కాని భాష చుట్టూ. దక్కను దర్బారు నాజూకుతనం ఎరగని రేవు జనం మధ్య. మన కృష్ణా జిల్లా వాళ్ళకు బందరు అంటే నోరూరే ఊరు. ఆమెకు అది జైలు.

రసెల్ మద్రాసులో ఉద్యోగం చూసుకున్నాడు. బందరు, మద్రాసు రెండూ ఒకే తీరం మీదివే. కావాలనుకుంటే ఓడలో కొద్ది రోజుల పని. అతనికి మద్రాసులో జేన్ కాసమేజర్ కనపడింది. మొదట వద్దంది, తర్వాత సరేనంది. 1808లో పెళ్ళి చేసుకున్నాడు. ఉత్తరాల్లో రసెల్ మరీ దుర్మార్గుడిలా కనపడడు. జాలి ఉంది, సిగ్గు ఉంది, బాధ్యత తెలుసు. ధైర్యం లేదు, అంతే. అలాంటి మనుషుల చేతుల్లోనే ఎక్కువ బతుకులు పాడవుతాయి. కసి ఉన్న మీర్ ఆలం ఆమెను ఊరి నుంచి తరిమాడు. కసి లేని రసెల్ ఆమెను ఎక్కడికీ చెందని మనిషిని చేశాడు. నన్నడిగితే రెండోదే పెద్ద పాపం.

అటు జేన్ కూడా పెళ్ళయిన కొద్ది నెలలకే చనిపోయింది. ఇటు 1808 చివర్లో మీర్ ఆలం కన్నుమూశాడు. నిషేధం సడలింది. తల్లీకూతుళ్ళు హైదరాబాదు చేరుకున్నారు. కానీ ఊరికి తిరిగి రావడం వేరు, పాత చోటుకు రావడం వేరు. 1811లో హెన్రీ రసెల్ హైదరాబాదు రెసిడెంటుగా వచ్చాడు. కిర్క్‌పాట్రిక్ కట్టించిన మేడలో, కిర్క్‌పాట్రిక్ కుర్చీలో. ఆమె ఒకప్పుడు ఏ ఇంటికి యజమానురాలో ఆ ఇంట్లో ఇప్పుడు తనను వదిలేసినవాడు దొర.

1813లో ఆమె మంచం పట్టింది. ఏ జబ్బని తేల్చి చెప్పలేదు. సెప్టెంబరులో రెసిడెన్సీలోనే ప్రాణం విడిచింది. తల్లి పక్కన ఉంది, స్నేహితురాలు ఫైజ్ ఉంది. పుట్టినప్పటి నుంచీ ఆమె పక్కన నిలబడ్డవాళ్ళు ఆడవాళ్ళే. పోయేటప్పుడూ వాళ్ళే. ఆ ముందు ఏడు, 1812లో, ఇంగ్లండులో ఆమె కొడుకు సలసల కాగే నీళ్ళ కొప్పెరలో పడి జన్మాంతం అవిటివాడయ్యాడు. 1828లో అతనూ పోయాడు.

రసెల్ 1820 దాకా రెసిడెంటుగా ఉన్నాడు. ఫైజ్ కొడుకు విలియం పామర్ నడిపిన వడ్డీ వ్యాపారపు కంపెనీ చుట్టూ లేచిన ఆరోపణల మధ్య రాజీనామా చేసి ఇంగ్లండు వెళ్ళి స్వాలోఫీల్డ్ అనే మేడలో స్థిరపడ్డాడు. అంతకుముందే, 1816లో, పుదుచ్చేరి వైపు ఫ్రెంచి కుటుంబపు అమ్మాయి క్లోటిల్డ్ మోటేని పెళ్ళాడాడు. పిల్లలు కలిగారు, హాయిగా బతికాడు. చిన్నరీ గీసిన ఆ బిడ్డల బొమ్మ అతని గోడ మీద వేలాడింది.

కిట్టీ చక్కదనానికి లండన్‌లో పేరొచ్చింది. థామస్ కార్లైల్ అనే రచయిత ఆమెను చూసి మనసు పారేసుకున్నాడు. అతని పుస్తకం ‘సార్టర్ రిసార్టస్’లో బ్లూమిన్ అనే పాత్ర ఆమేనని చెబుతారు. 1829లో ఆమె కెప్టెన్ ఫిలిప్స్‌ను పెళ్ళాడింది. ఒకసారి స్వాలోఫీల్డ్‌కు వెళ్ళినప్పుడు గోడ మీద తన చిన్ననాటి బొమ్మ చూసి భోరున ఏడ్చింది. 1841లో హైదరాబాదులో బతికున్న అమ్మమ్మ షరఫున్నిసాతో ఉత్తరాలు మొదలయ్యాయి. అమ్మమ్మ ఫార్సీలో రాయించేది, మనవరాలు ఇంగ్లీషులో. అమ్మ జుట్టు పాయ ఒకటి హైదరాబాదు నుంచి ఇంగ్లండు చేరింది. ఆ ముసలామె జాగీర్లు అప్పటికి జప్తయ్యాయి. కిర్క్‌పాట్రిక్ వీలునామా ఏ భరోసా మీద రాశాడో ఆ భరోసా అలా ముగిసింది. షరఫున్నిసా 1847లో పోయింది. కిట్టీ 1889లో టార్కీలో పోయింది. ఆ ఇద్దరూ మళ్ళీ కలుసుకోలేదు.

రంగ్ మహల్ 1860 ప్రాంతంలో పడగొట్టేశారు. ఆంగ్లేయ రెసిడెంటు ఇంట్లో జనానా ఉండేదన్న గుర్తు విక్టోరియా కాలపు దొరలకు రుచించలేదు. దొరతనపు ముఖం, స్తంభాలు, సింహాలు మిగిలాయి. 1857 తిరుగుబాటు కాలంలో, జులైలో, తుర్రెబాజ్ ఖాన్ మనుషులు దాడి చేసింది ఆ భవనం మీదే. 1949 నుంచి అక్కడ ఆడపిల్లల కాలేజీ నడిచింది, ఇప్పుడది చాకలి ఐలమ్మ పేరుతో మహిళా విశ్వవిద్యాలయం. ఘోషా ఇల్లాలు ముందు వైపుకు రాలేని మేడ మెట్ల మీద ఇవాళ అమ్మాయిలు కూర్చుని నోట్సు రాసుకుంటారు. భవనానికి ఇటీవల మరమ్మతులు కూడా జరిగాయి.

విలియం డాల్‌రింపుల్ ‘వైట్ మొఘల్స్’ 2002లో వచ్చాక ఈ కథ మళ్ళీ నగరం నోట్లో పడింది. ఆయన పుస్తకం చివరి దాకా చెబుతుంది. చదివినవాళ్ళే సగంలో ఆపేస్తారు. హెరిటేజ్ నడకల్లో, యూట్యూబ్ వీడియోల్లో, పెళ్ళి ఫోటోలకు వచ్చేవాళ్ళ కబుర్లలో అది దొర, బేగం ప్రేమకథ. తెర చాటు నుంచి చూపు, రహస్య నిఖా, తోటలో బొమ్మ మేడ, దూరదేశంలో మరణం, శుభం కార్డు. ఈసారి ఎవరైనా మీకు కోఠీలో ఆ కథ చెబితే 1805 దగ్గర ఆపనివ్వకండి. ఆ తర్వాత ఆమె ఎనిమిదేళ్ళు బతికింది. ఆ ఎనిమిదేళ్ళూ చెప్పమనండి, బందరుతో సహా.